కొత్త కొలిమి కట్టుకోవడం ఎలా: చోటు చూసుకోవడం దగ్గర్నుంచి మొదటి పట్టుకారు దాకా

కమ్మరి పని నేర్చుకుందాం అనుకునేవాళ్ళలో చాలామంది ముందు దాగలి, అంటే కాలిన ఇనుముని ఆనించి కొట్టే దిమ్మ, కోసం వెతుకుతారు, తర్వాత సుత్తులు కొంటారు, కొలిమి సంగతి చివర్లో చూద్దాం ఎలాగోలా అయిపోతుందిలే అనుకుంటారు. నన్నడిగితే ఇది తలకిందులు. దాగలి బదులు ఏదో ఒక ఇనప దిమ్మ పెట్టుకుని ఏళ్ళ తరబడి పని చేసుకోవచ్చు గానీ మంట మీ చెప్పుచేతల్లో లేకపోతే ఒక్క కొక్కెం కూడా సరిగ్గా రాదు. కొలిమి అంటే ఏం లేదు, బొగ్గు పోసే ఒక గుంట, దాంట్లోకి గాలి ఎక్కడ తగలాలో ఎంత తగలాలో చూసే ఒక ఏర్పాటు, అంతే. గుంట ఏ ఆకారంలో ఉన్నా నడుస్తుంది. గాలి మీద పట్టు లేకపోతే మాత్రం నడవదు. ఈ మాట గుర్తుపెట్టుకుని కింద చెప్పే పనులన్నీ చేసుకుంటూ వెళ్ళండి.

1. ముందు చోటు

నాలుగు వైపులా గోడలున్న గదిలో పెట్టొద్దు. బొగ్గు మంట నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగుండదు వాసనుండదు, తలనొప్పి మొదలయ్యేసరికే ఆలస్యం అయిపోయి ఉంటుంది. పైన కప్పు ఉండి కనీసం రెండు వైపులు తెరిచి ఉన్న షెడ్డు అయితే మంచిది. తప్పదు, లోపలే పెట్టాలి అంటే పొగగొట్టం ఉండాల్సిందే, దాని వ్యాసం 10 నుంచి 12 అంగుళాలు ఉండాలి, కప్పు కన్నా కనీసం రెండు మూడడుగులు పైకి వెళ్ళాలి, దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ అలారం ఒకటి గోడకి తగిలించండి. 6 అంగుళాల గొట్టం పెట్టేసి పొగంతా మొహం మీదకే వస్తోందని తిట్టుకునేవాళ్ళు బోలెడుమంది, తప్పు గొట్టం సైజుది. గొట్టం మంట పైన ఎక్కడో ఎత్తులో గొడుగులా వేలాడదీసే కన్నా మంట పక్కనే ఒక పెట్టెలాంటిది పెట్టి పొగని పక్క నుంచి లాగేలా చేస్తే ఇంకా బాగా లాగుతుంది.

కింద నేల మట్టిదైతే అన్నిటికన్నా హాయి. సిమెంటు నేల అయినా పర్లేదు, కాకపోతే ఎర్రటి ముక్క పడితే అక్కడ పెచ్చు లేచి చిట్లుతుంది. చెక్క నేల మాత్రం వద్దే వద్దు.

ఇంకోటి, వెలుతురు. కొత్తవాళ్ళు దీన్ని అసలు పట్టించుకోరు. ఇనుము వేడిని కంటితో, రంగు చూసి కొలుస్తాం కదా, ఎండ నేరుగా పడే చోట నారింజ రంగులో ఉన్న ముక్క కూడా నల్లగా కనిపిస్తుంది, ఇంకా కాలలేదేమో అనుకుని అలాగే ఉంచితే అది కరిగి మెరుపులు చిమ్ముతుంది. కొలిమి నీడలో ఉండాలి, కాస్త మసకగా ఉంటే ఇంకా మంచిది. రోజూ ఒకే వెలుతురులో పని చేస్తే కన్ను త్వరగా అలవాటు పడుతుంది.

2. ఏ బొగ్గు?

మూడు దారులున్నాయి. కట్టె బొగ్గు, రాతి బొగ్గు, గ్యాసు. మొదటి కొలిమికి నేను కట్టె బొగ్గే చెప్తాను, ఎందుకంటే పొగ తక్కువ, తేలిగ్గా అంటుకుంటుంది, గాలి తక్కువ చాలు, మలినాలు లేవు కాబట్టి చిట్టెం, అంటే బూడిద కరిగి కట్టే ముద్ద, గొడవ కూడా పెద్దగా ఉండదు. తంటా ఏంటంటే త్వరగా అయిపోతుంది, నిప్పురవ్వలు బాగా లేస్తాయి. 2 నుంచి 3 సెంటీమీటర్ల ముక్కలుగా కొట్టి పెట్టుకోవాలి, పెద్ద పెద్ద ముక్కలేస్తే మధ్యలో ఖాళీలు మిగిలి గాలి అంతా వృథాగా పైకి పోతుంది, మరీ పొడి అయితే గాలికి ఎగిరిపోతుంది. వంటకి అమ్మే అచ్చు బొగ్గు బిళ్ళలు తెచ్చుకోకండి, వాటి నిండా బూడిదే.

రాతి బొగ్గు అయితే ఎక్కువసేపు మండుతుంది, వేడి ఎక్కువ, కానీ అన్ని రాతి బొగ్గులూ పనికిరావు, వేడికి ఒకదానికొకటి అతుక్కుని కోక్, అంటే పొగ పోయాక మిగిలే గట్టి బొగ్గు, అయ్యే రకం కావాలి. మొదట్లో పసుపుపచ్చ పొగ దట్టంగా వస్తుంది, చుట్టుపక్కల ఇళ్ళుంటే గొడవే. గ్యాసు కొలిమి శుభ్రంగా ఉంటుంది, స్విచ్చు వేసినట్టు పని మొదలెట్టొచ్చు, కానీ మంట గురించి ఏమీ నేర్పదు, పైగా పొడుగ్గా వంకరగా ఉన్న ముక్కలు లోపల పట్టవు. దాని తయారీ వేరే కథ, ఇక్కడ చెప్పట్లేదు. గ్యాసయినా కార్బన్ మోనాక్సైడ్ వస్తుందన్న సంగతి ఒక్కటి మర్చిపోవద్దు.

3. కొలిమి కట్టడం

గాలి పక్క నుంచి వచ్చే మట్టి కొలిమి చెప్తాను. కట్టె బొగ్గుకి ఇదే సరిపోతుంది, పైగా నచ్చకపోతే పగలగొట్టి మళ్ళీ కట్టుకోవచ్చు.

ఇటుకలతో ఒక అరుగు లేపండి. పొడవు మూడడుగులు, వెడల్పు రెండున్నర అడుగులు, ఎత్తు మీ నడుం కన్నా కాస్త కిందకి, సుమారు 75 నుంచి 80 సెంటీమీటర్లు. లోపల మట్టి, రాళ్ళు లేని గట్టి మట్టి, పోసి దిమ్మిస కొట్టండి. నేల మీదే గుంట తీసి కూర్చుని చేసే పద్ధతి కూడా ఉంది, అది తరతరాలుగా నడిచిందే, అలా కూర్చుని చేయడం మీకు అలవాటుంటే నిక్షేపంగా చేయండి, అప్పుడు దాగలి కూడా ఆ ఎత్తుకే దించుకోవాలి.

ఇక లోపలి పూత. బంకమట్టి ఒక వంతు, సన్న ఇసుక రెండు వంతులు, నీళ్ళు వీలైనంత తక్కువ. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి కానీ చేతికి జిగటగా అంటుకోకూడదు. నీళ్ళు ఎక్కువైతే ఎండేటప్పుడు బీటలు. సిమెంటు కలపకండి, అది కొలిమి వేడికి తట్టుకోదు, పొడిపొడిగా రాలిపోతుంది, దాంట్లో తడి మిగిలి ఉంటే ఆవిరై పగిలి మొహం మీదకి ఎగురుతుంది. నీళ్ళల్లో నానిన ఏటి రాళ్ళు వాడితే కూడా అదే జరుగుతుంది.

గుంట పైన 6 అంగుళాల వెడల్పు, అడుక్కి పోయేకొద్దీ సన్నగా. గాలి గొట్టం ఒక పక్క గోడలోంచి వస్తుంది. గొట్టం మందంగా ఉన్న ఇనప పైపు అయి ఉండాలి, లోపలి వ్యాసం 20 నుంచి 25 మిల్లీమీటర్లు. జింకు పూత ఉన్న పైపు వాడొద్దు, జింకు 907 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఆ తెల్ల పొగ పీలిస్తే రాత్రికి జ్వరం వణుకు ఖాయం. నీళ్ళ పైపులు ఎక్కువ శాతం జింకు పూతవే కాబట్టి పాత సామాన్లలో ఏరేటప్పుడు చూసుకోండి. పైపు మూతి కింద రెండు మూడు అంగుళాల గుంట మిగలాలి, బూడిద, చిట్టెం అక్కడ చేరతాయి. పైపు మూతి పైన నాలుగైదు అంగుళాల ఎత్తున బొగ్గు నిలబడాలి. అంటే గుంట మొత్తం లోతు ఏడెనిమిది అంగుళాలు అన్నమాట. పైపుని మట్టిలో మరీ బిగించేయకుండా ముందుకి నెట్టడానికి వీలుగా ఉంచండి, ఎందుకో చివర్లో చెప్తా.

గుంటకి ముందు, వెనక గోడల్లో చిన్న గండి వదిలేయండి, పొడుగాటి రాడ్డుని అడ్డంగా మంటలో పెట్టాలంటే ఈ గండి కావాలి. ఇది వదలకపోతే రాడ్డుని పైనుంచి ఏటవాలుగా పొడవాల్సి వస్తుంది, చివర సరిగ్గా గాలి మూతి దగ్గరకి పోయి కాలిపోతుంది.

కట్టాక నీడలో వారం రోజులు ఆరనివ్వండి. తర్వాత సన్న పుల్లలతో చిన్న మంట, మర్నాడు ఇంకాస్త పెద్దది. బీటలు వస్తాయి, కంగారు పడొద్దు, అదే మిశ్రమం పలచగా చేసి మెత్తేయండి.

4. గాలి

తిత్తి, చేత్తో తిప్పే బ్లోయరు, కరెంటు బ్లోయరు, ఆఖరికి జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు, ఏదైనా సరే. వీటిల్లో నాకు బాగా ఇష్టమైంది చేత్తో తిప్పేది, ఎందుకంటే చెయ్యి ఆపితే గాలి ఆగుతుంది, బొగ్గు ఊరికే తగలబడదు, ఇనుము మంటలో ఉందన్న సంగతి చెయ్యి గుర్తుచేస్తూనే ఉంటుంది. కరెంటు బ్లోయరుతో వచ్చే నష్టమే అది, అది తన పాటికి ఊదుతూనే ఉంటుంది, మీరు దాగలి దగ్గర ఉన్నంతసేపూ బొగ్గు బూడిదవుతూ ఉంటుంది.

కరెంటు బ్లోయరే వాడతానంటే దానికీ పైపుకీ మధ్యలో అడ్డంగా జరిపే రేకు తలుపు ఒకటి పెట్టండి. కావలసినంత తెరవడం, పూర్తిగా మూసేయడం, రెండూ వీలవ్వాలి. ఇంకా సులువు దారి ఉంది, బ్లోయరు మూతిని పైపుకి బిగించకుండా రెండు అంగుళాల ఎడం ఉంచి దాన్ని దగ్గరకి దూరానికి జరుపుకోవడం, దూరం జరిగితే గాలి పక్కకి పోతుంది, మంట తగ్గుతుంది. చూడ్డానికి బాగోదు కానీ డ్రయ్యరు లాంటి చిన్న వాటికి ఇదే బెస్టు. డ్రయ్యరులో వేడి స్విచ్చు ఆపేసి చల్లగాలే వాడండి.

ఒక జాగ్రత్త, ఇది ముఖ్యంగా రాతి బొగ్గు వాళ్ళకి. గాలి ఆపేసినప్పుడు పచ్చి బొగ్గు నుంచి వచ్చే వాయువు వెనక్కి పైపులోకి, బ్లోయరులోకి చేరుతుంది, మళ్ళీ గాలి వదిలిన క్షణంలో అది భగ్గున అంటుకుని పేలుతుంది. తోలు తిత్తులైతే చిరిగిపోతాయి కూడా. అందుకే ఆపేటప్పుడు బ్లోయరుని పైపు నుంచి పక్కకి జరిపేయండి, లేదంటే కింద బూడిద తలుపు ఉన్న కొలిమి అయితే ఆ తలుపు తెరిచి ఉంచండి.

5. దాగలి

దాగలి అంటే కొమ్ము ఉన్నదే అక్కర్లేదు. కావలసింది బరువు, గట్టిదనం, కదలకపోవడం. 40, 50 కిలోల ఉక్కు దిమ్మ దొరికితే పండగే. బిల్లుతో కొన్న రైలు పట్టా ముక్క అయినా చాలు, దాన్ని పడుకోబెట్టి వాడే బదులు నిలబెట్టి వాడండి, సుత్తి దెబ్బ కింద పట్టా పొడవంతా బరువుగా నిలుస్తుంది, పడుకోబెడితే మధ్యలో సన్నటి నడుం ఉంటుంది కదా అది స్ప్రింగులా ఊగి దెబ్బని మింగేస్తుంది. కొట్టే చోటు చిన్నదైపోయింది అనిపిస్తుంది, నిజానికి సుత్తి మొహం అంత చోటుంటే చాలు.

పాత దాగలి కొంటుంటే ఒక బేరింగు గుండు జేబులో వేసుకెళ్ళండి. అడుగు ఎత్తు నుంచి దాని మీద వదిలితే సగం పైగా ఎత్తుకి ఎగరాలి. చప్పగా నాలుగు అంగుళాలే లేస్తే అది పోత ఇనుము, వదిలేయండి. మొహం అంతటా అక్కడక్కడా వదిలి చూడండి, ఒక చోట మాత్రం చప్పుడు మారితే లోపల పైపొర ఊడి ఉందని అర్థం. అంచులు అరిగి ఉంటే పెద్ద ఇబ్బంది కాదు, వెల్డింగ్ చేసి కొత్తగా చేసేద్దాం అని మాత్రం అనుకోకండి, ఆ వేడికి మొహం మెత్తబడుతుంది.

ఎత్తు ఎంతంటే, మామూలుగా నిలబడి చెయ్యి వేలాడేసి పిడికిలి బిగిస్తే కణుపులు ఎక్కడికి వస్తాయో దాగలి మొహం అక్కడ ఉండాలి. ఎక్కువ ఎత్తయితే భుజం పట్టేస్తుంది, తక్కువైతే నడుం. అర అంగుళం తేడా కూడా సాయంత్రానికి తెలుస్తుంది. కింద చెట్టు మొద్దు, చెక్క పోగులు నిలువుగా ఉండేలా, అడుగు భాగం నేలలో అడుగున్నర దిగేస్తే కదలదు. దాగలి మరీ గణగణ మోగుతుంటే నడుముకి గొలుసు గట్టిగా చుట్టేస్తే మోత తగ్గుతుంది, చెవులు మిగులుతాయి.

కొలిమికీ దాగలికీ మధ్య ఒక్క అడుగు వేసి తిరిగేంత దూరం. అంతకన్నా దూరం ఉంటే నడిచే లోపే సన్న ముక్క చల్లారిపోతుంది. నీళ్ళ తొట్టి చేతికందే దూరంలో ఉండాలి, ప్లాస్టిక్ బకెట్ వద్దు, ఎర్ర ముక్క తగిలితే చిల్లు పడుతుంది. గట్టి బెంచీకి బిగించిన వైస్, అంటే ముక్కని బిగించి పట్టే సాధనం, ఒకటి మూడో పక్కన. ఈ మూడింటి మధ్యా కాలికి ఏమీ అడ్డం ఉండకూడదు, వైర్లు అసలే ఉండకూడదు.

6. చేతిలోకి ఏం కావాలి

ఒక కిలో లోపు సుత్తి, ఒక పక్క చదునుగా, రెండో పక్క అడ్డంగా సన్నటి మూతితో. కొత్త సుత్తి మొహం అంచులు పదునుగా ఉంటాయి, అలాగే వాడితే ఇనుము మీద ప్రతి దెబ్బకీ నెలవంకలాంటి గాటు పడుతుంది, కాబట్టి అంచులన్నీ గ్రైండర్‌తో గుండ్రం చేసి మొహాన్ని చాలా కొద్దిగా ఉబ్బుగా దిద్దుకోండి. బరువైన సుత్తితో త్వరగా అయిపోతుందని రెండు కిలోలది ఎత్తుకోకండి, మోచెయ్యి పాడైతే నెలల తరబడి పని ఉండదు. ఒక ఉలి, ఒక ఆకురాయి, వైరు బ్రష్షు. మిగతావి మీరే చేసుకుంటారు, ఈ పనిలో సుఖం అదే.

కళ్ళద్దాలు తప్పనిసరి. కాటన్ బట్టలు, తోలు బూట్లు, ప్యాంటు బూటు పైనుంచి ఉండాలి, లోపలికి దోపితే రాలే పొలుసు, అంటే కాలిన ఇనుము మీద లేచే పెచ్చు, సరాసరి బూట్లోకే. నైలాన్, పాలియెస్టర్ ఒంటి మీద ఉండకూడదు, కరిగి చర్మానికి అతుక్కుంటుంది. సుత్తి పట్టే చేతికి గ్లౌజు వద్దు, పట్టు జారుతుంది. ఇంకా అసలైన ప్రమాదం ఎర్ర ముక్కతో కాదు, దాన్ని అందరూ చూస్తారు, నల్లగా మారిన ముక్క 400 డిగ్రీలు ఉన్నా చల్లగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఏ ముక్క ఎత్తాలన్నా ముందు అరచెయ్యి వెనక వైపు దగ్గరగా పెట్టి సెగ చూడండి.

7. మంట రాజేయడం

గుంట శుభ్రం చేసి కాగితం, పుల్లలు, చిన్న బొగ్గు ముక్కలు. గాలి చాలా మెల్లగా. బొగ్గు అంటుకోగానే పైన ఇంకొంచెం, అలా అలా గుంట నిండి పైకి గుట్టగా వచ్చే దాకా. తొందరపడి ఒకేసారి గాలి వదిలితే పుల్లలు ఎగిరిపోయి మంట ఆరిపోతుంది, లేకపోతే పైపు మూతి దగ్గర ఒక్కచోటే తెల్లగా మండి చుట్టూ నల్లగా మిగులుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మంటలో అన్ని చోట్లా ఒకే వేడి కాదు, ఒకే గాలీ కాదు. పైపు మూతికి దగ్గరలో గాలిలోని ఆక్సిజన్ ఇంకా ఖర్చవకుండా ఉంటుంది, అక్కడ ఇనుము పెడితే పొలుసు కట్టి తినేస్తుంది. అక్కడి నుంచి పైకి మూడు నాలుగు అంగుళాలు బొగ్గులోంచి వచ్చేసరికి ఆక్సిజన్ చాలావరకు అయిపోయి ఉంటుంది, వేడి మాత్రం నిండుగా ఉంటుంది. మీ ముక్క ఉండాల్సింది అక్కడ, అడ్డంగా, పైన ఒకటి రెండు అంగుళాల బొగ్గు కప్పుకుని. బయటకి తీసిన ముక్క మీద మందంగా పెచ్చులు పెచ్చులుగా పొలుసు రాలుతుంటే రెండే కారణాలు, గాలి ఎక్కువైంది, లేదా బొగ్గు తగ్గి ముక్క కిందకి దిగింది. అందరూ వేడి చాలట్లేదని గాలి పెంచుతారు, సగం సార్లు కావలసింది గాలి కాదు, ఇంకో రెండు దోసిళ్ళ బొగ్గు.

రాతి బొగ్గు అయితే మధ్యలో మండే కోక్, చుట్టూ తడిపిన పచ్చి బొగ్గు కట్టలా పెట్టుకుని అది కోక్ అయ్యేకొద్దీ మధ్యకి నెట్టుకుంటూ ఉండాలి. గంటా రెండు గంటలకి అడుగున చిట్టెం చేరుతుంది, గాలి అడ్డుపడి మంట డల్ అవుతుంది. గాలి ఆపి ఒకటి రెండు నిమిషాలు ఆగితే అది గట్టిపడి ముద్దగా వస్తుంది, చువ్వతో లేపి తీసేయండి. వేడిగా ఉన్నప్పుడే కెలికితే బంకలా సాగి మంటంతా పాడవుతుంది.

8. రంగులు

చీకట్లో మాత్రమే కనిపించే మసక ఎరుపు దగ్గర కొట్టకండి. ముదురు ఎరుపు సుమారు 700 డిగ్రీలు, నిండు ఎరుపు 800, నారింజ 950 నుంచి 1000, పసుపు 1100 నుంచి 1200, తెలుపు 1300 దరిదాపులు. మెత్త ఇనుముకి, అంటే మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) రాడ్డుకి, పెద్ద దెబ్బలన్నీ పసుపు, నారింజల్లో పడాలి, ఎరుపుకి వచ్చాక చదును చేసే చిన్న దెబ్బలు, ఎరుపు పోతుంటే మళ్ళీ మంటలోకి. స్ప్రింగు ఉక్కు లాంటి కార్బన్ ఎక్కువున్నవి తెల్ల వేడికి తీసుకెళ్తే పొడిపొడిగా విరిగిపోతాయి, వాటికి నారింజ చాలు, కొంచెం పసుపు దగ్గరకి వస్తే అక్కడితో ఆపాలి. మంటలోంచి చిటపట మెరుపులు లేస్తున్నాయంటే ఉక్కే కాలుతోంది, ఆ భాగాన్ని మళ్ళీ బాగు చేయలేరు, కోసి పారేయాలి.

9. మొదటి పని: కొలిమికే ఒక చువ్వ

కత్తి చేయాలని అందరికీ ఉంటుంది. వద్దు, ఆగండి. ముందు కొలిమిలో బొగ్గు సర్దుకోడానికి ఒక చువ్వ. 12 మిల్లీమీటర్ల రాడ్డు, 70 సెంటీమీటర్ల పొడవు, ఇంత పొడవుంటే పట్టుకారు కూడా అక్కర్లేదు, ఒక చివర కాలుతుంటే రెండో చివర చేత్తో పట్టుకోవచ్చు.

చివరి 5 సెంటీమీటర్లు పసుపు రంగుకి కాల్చండి. దాగలి అవతలి అంచు మీద ఆనించి, రాడ్డుని కాస్త పైకి ఎత్తి, సుత్తిని కూడా అదే వాలులో దించుతూ కొట్టండి. నాలుగు దెబ్బలు, పావు చుట్టు తిప్పడం, మళ్ళీ నాలుగు. ఇలా గుండ్రాన్ని ముందు చదరం చేయాలి, చదరంగానే సన్నగా సాగదీయాలి, మొన వచ్చాక నాలుగు మూలలూ కొట్టి ఎనిమిది పలకలు చేయాలి, ఆ తర్వాతే గుండ్రం. గుండ్రంగా ఉన్నదాన్ని గుండ్రంగానే సాగదీద్దాం అని తిప్పుతూ కొడితే లోపల నిట్టనిలువునా చీలిక వస్తుంది. కొట్టేటప్పుడు చదరం పక్కకి వాలి డైమండ్ ఆకారం అవుతుంటే ఆపి ఎత్తైన రెండు మూలల మీద కొట్టి సరిచేసుకోండి, అలాగే కొడుతూ పోతే ఇంకా వాలుతుంది.

మొన దగ్గర ఒక అంగుళం దాగలి అంచు మీద వంచితే గోరులాంటి కొక్కెం వస్తుంది. రెండో చివర చేతికి రింగు. రింగుకి ఎంత రాడ్డు కావాలో ఇలా లెక్కేయండి, లోపలి వ్యాసానికి రాడ్డు మందం కలిపి 3.14తో గుణించడం. లోపల 40 మిల్లీమీటర్లు కావాలంటే 40కి 12 కలిపితే 52, దాన్ని 3.14తో గుణిస్తే సుమారు 163 మిల్లీమీటర్లు. చివర నుంచి అంత దూరాన గుర్తు పెట్టుకుని, అక్కడ ముందు ఎదురు దిశలో కాస్త వంచి తర్వాత చివర నుంచి చుట్టుకుంటూ రండి, రింగు రాడ్డుకి మధ్యలో కూర్చుంటుంది.

10. పట్టుకారు

25 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం పట్టీలు రెండు, ఒక్కోటి 45 సెంటీమీటర్లు. చివర నుంచి 8 సెంటీమీటర్ల దగ్గర రెండింటికీ బెజ్జం, డ్రిల్లుతో వేసినా తప్పేం లేదు. బెజ్జానికీ మూతికీ మధ్య కాల్చి వైస్‌లో బిగించి పావు చుట్టు మెలి తిప్పండి, దాంతో మూతులు ఒకదానికొకటి ఎదురెదురుగా నిలబడతాయి. రెండూ ఒకే వైపు తిప్పాలి, ఎడమది కుడిది అని అద్దంలో బొమ్మలా చేశారంటే అవి కలవనే కలవవు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పట్టుకునే వైపు అంచులు కొట్టి సన్నగా గుండ్రంగా చేసుకోండి. 8 మిల్లీమీటర్ల రివిట్ వేడిగా ఉండగా కొట్టి బిగించి, బిగుసుకుపోతే మొత్తం ఎర్రగా కాల్చి తెరుస్తూ మూస్తూ నీళ్ళల్లో ముంచితే సాఫీగా ఆడుతుంది. ఆఖర్న మూతుల్ని కాల్చి మీరు ఎక్కువగా పట్టే రాడ్డు ముక్క మధ్యలో పెట్టి నొక్కి కొట్టండి, ఆ సైజుకి అచ్చుగా దిగుతుంది. వదులుగా పట్టే పట్టుకారు కన్నా చెయ్యి కాల్చుకోడానికి దగ్గర దారి లేదు.

11. ఉలి, పాయనం

పాయనం అంటే ఉక్కుని కాల్చి ముంచి గట్టిపరచడం. ఉలికి మెత్త ఇనుము పనికిరాదు, ఎంత ముంచినా గట్టిపడదు. బండి స్ప్రింగు ఉక్కు తీసుకోండి, అందులో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. పాత సామాన్లలో దొరికిన ముక్క ఏంటో తెలియకపోతే గ్రైండర్‌కి ఆనించి రవ్వలు చూడండి, పొడుగ్గా సాదాగా పోతే మెత్తది, చివర్లు చిన్న చిన్న పువ్వుల్లా పగిలితే కార్బన్ ఉన్నది. నికెల్, క్రోమ్ మెరుపు పూతలున్న వాటిని కొలిమి దగ్గరకే రానీయకండి.

ఆకారం వచ్చాక నిండు ఎరుపుకి ఒకసారి కాల్చి గాలికి వదిలేయండి, ఇలా రెండు మూడు సార్లు. తర్వాత మొన వైపు మెల్లగా కాలుస్తూ అయస్కాంతంతో చూస్తూ ఉండండి, ఇనుము 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది, అక్కడి నుంచి ఇంకొక్క ఛాయ పైకి, సుమారు 820, తీసుకెళ్ళి వంట నూనెలో నిలువుగా ముంచండి. నూనె ముందే 50, 60 డిగ్రీలకి వెచ్చబెట్టుకోవాలి, చల్లటి నూనె చిక్కగా ఉండి వేడిని మెల్లగా లాగుతుంది. మూత ఉన్న ఇనప డబ్బాలో పోసుకోండి, మంట లేస్తే మూత వేసేయొచ్చు, నీళ్ళు మాత్రం పోయకండి. ఇప్పుడు ఆకురాయి పెడితే గాజు మీద జారినట్టు జారాలి.

ఇంత గట్టిగా ఉన్నది ఒక దెబ్బకే ముక్కలవుతుంది కాబట్టి వెంటనే కాస్త గట్టిదనం తగ్గించాలి. మొనని ఇసుక కాగితంతో మెరిసేలా రుద్ది, వెనక భాగం నుంచి మెల్లగా వేడి ఎక్కిస్తే మెరుపు మీద రంగులు నడుస్తాయి, లేత గడ్డి రంగు 220 డిగ్రీలు, గోధుమ 260, ఊదా 280, నీలం 300. కాల్చని చల్లటి ఇనుము కోసే ఉలికి ఊదా మొనకి చేరగానే ముంచేయండి. కత్తి అంచుకైతే గడ్డి రంగు దగ్గరే ఆపాలి. ఉలి తల, సుత్తి తగిలే చివర, ఎప్పుడూ మెత్తగానే ఉండాలి, దానికి పాయనం పెడితే పెచ్చు ఎగిరి కంట్లో పడుతుంది.

12. పని ఒప్పుకునే ముందు లెక్క

నలుగురికీ చేసిపెట్టడం మొదలెడితే ముందు వచ్చే ప్రశ్న ఎంత ఇనుము పడుతుంది అని. గుండ్రటి రాడ్డు వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దాన్ని దాంతోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకి ఎన్ని కిలోలో వస్తుంది. 12 మిల్లీమీటర్లది 0.89, 16ది 1.58. కొట్టి సాగదీసినప్పుడు ఇనుము ఎక్కడికీ పోదు, 20 మిల్లీమీటర్ల చదరాన్ని 10కి దించితే నాలుగింతల పొడవవుతుంది. 15 సెంటీమీటర్ల పొడుగు మొన కావాలంటే 5 సెంటీమీటర్ల రాడ్డు చాలు, మూడో వంతు లెక్క. దీనిమీద పొలుసు తరుగుకి కొంచెం కలుపుకోండి, వేడి పెట్టిన ప్రతిసారీ కాస్త పోతూ ఉంటుంది. బొగ్గుని గంటల లెక్కన వేసుకోవాలి కానీ ముక్కల లెక్కన కాదు, కొలిమి వెలిగాక ఒక కొక్కెం చేసినా పది చేసినా మంట మాత్రం మండుతూనే ఉంటుంది, అందుకే ఒకే రకం పనులు ఒక రోజున పెట్టుకోవడం మేలు, రెండు మూడు ముక్కలు మంటలో మార్చి మార్చి పెడితే చెయ్యి ఖాళీగా ఉండదు. అంతకన్నా ఎక్కువ పెట్టొద్దు, ఒకటి మర్చిపోయి కాల్చేస్తారు.

13. ఆపేటప్పుడు

గాలి ఆపి బ్లోయరు పక్కకి జరిపి, కాలుతున్న బొగ్గుని గుంటలోంచి పక్కలకి లాగి పరచండి, విడివిడిగా ఉంటే త్వరగా ఆరిపోతుంది, మిగిలిన బొగ్గు మర్నాటికి పనికొస్తుంది. వేడిగా ఉన్న మట్టి గుంటలోకి నీళ్ళు కుమ్మరించకండి, పూత పగిలిపోతుంది. షెడ్డులో చెక్క, గడ్డి, గోనె సంచులు ఏమన్నా ఉంటే రవ్వ దూరిందేమో చూసుకుంటూ ఇంకో గంట అక్కడే ఉండండి, సర్దుకునే పని ఎలాగూ ఉంటుంది. తొట్టిలో నీళ్ళు నింపండి, దాగలి మొహం తుడిచి నూనె గుడ్డతో ఒకసారి రుద్దండి.

గుంట చల్లారాక పైపు మూతి చూడండి. రోజూ కొంచెం కొంచెం కాలి వెనక్కి పోతూ ఉంటుంది, అంగుళం తగ్గిందంటే మంట గోడని తినడం మొదలెడుతుంది. అప్పుడు పైపుని ముందుకి నెట్టి చుట్టూ కొత్త మట్టి మెత్తండి. నెట్టడానికి ఇంక పొడవు లేకపోతే వేరే పైపు పెట్టుకోవాలి, కాబట్టి మొదట్లోనే రెండు ముక్కలు కోసి పెట్టుకుంటే సరిపోతుంది.